దేవుడి గదిలో దాచిన వైరు

శనివారం పొద్దున తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకుని దేవుడి గదిలోకి వెళ్ళిన సత్యలక్ష్మి దీపం వెలిగించకుండానే బయటికి వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఆ ఇల్లు కట్టిన ఇరవై రెండేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. వెళ్ళేటప్పుడు ఆమె చేతిలో ఒత్తులు, నూనె గిన్నె ఉన్నాయి. వచ్చేటప్పుడు నల్లటి వైరు చుట్ట ఉంది.

పెద్ద కుందులు దింపుదామని పీట ఎక్కి అటక మీద చెయ్యి పెడితే, అమ్మవారి పట్టుబట్టల మూట వెనక తగిలిందది. రెండు కొసలా ప్లగ్గులే. మామూలు వైరుకి ఒక పక్క ప్లగ్గు, రెండో పక్క బోర్డు ఉంటాయి. గోడలోని కరెంటు వస్తువుకి పోవడానికి అది. దీనికి రెండు పక్కలా ప్లగ్గులు ఎందుకున్నాయంటే, బయట జనరేటర్‌లోని కరెంటు గోడలోకి పోవడానికి. మంగళవారం స్తంభం మీద లైన్‌మన్ నర్సింహ చేతిని కాల్చింది ఇదే.

ఆ గదిలోకి మడి లేకుండా ఎవరూ రారు. పనిమనిషి రాదు, చుట్టాలు రారు, పోలీసు వచ్చినా గడప బయటే నిలబడి దణ్ణం పెట్టుకుని పోతాడు. ఆ సంగతి తెలిసి, అక్కడ దాచగలిగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కడే.

వరండాలో పేపరు చదువుకుంటున్న భర్త పట్టాభిరామయ్య ఒళ్ళో ఆ చుట్ట పడేసింది.

"ఏంటండీ ఇది?"

"నెమ్మదిగా. వీధిలోకి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి. అమ్మవారి చీరల వెనక పెట్టడానికి చేతులెలా వచ్చాయండీ మీకు?"

"మరెక్కడ పెట్టమంటావు? ఆ కరెంటు ఇన్‌స్పెక్టరమ్మ పదకొండింటికి వస్తోంది. ఇల్లంతా చూస్తుంది. ఆ గదిలోకి రాదు కదా."

"అంటే దొంగసొత్తుకి దేవుణ్ణి కాపలా పెట్టారన్నమాట."

"మాటలు జారకు సత్యా. నేనేం దొంగతనం చెయ్యలేదు. షూటింగు మేనేజర్ సాయిశ్రీనివాస్ దాచమన్నాడు, దాచాను. నువ్వు చెప్పాల్సింది ఒక్క మాట. మెయిన్ ఆపే ఉందండీ అను. మిగతాది అతను చూసుకుంటాడు."

"ఆ ఒక్క మాటే కదండీ మంగళవారం చెప్పాను. ఒక మనిషి చెయ్యి పోయింది."

పట్టాభిరామయ్య పేపరు మడిచి, వైరును దాని కింద కప్పాడు. సత్యలక్ష్మి పేపరు లాగి అవతల పడేసింది.

ఆయన రేపల్లె వైపు నుంచి వచ్చి, ముప్ఫై ఏళ్ళు సినిమావాళ్ళకి బట్టలు సరఫరా చేసి, ఆ కొండవాలులో ఇల్లు కట్టాడు. వయసు మళ్ళాక కింది వాటా షూటింగులకి ఇవ్వడం మొదలుపెట్టాడు. సీరియల్ వాళ్ళలో ఆ ఇంటికి పేరు తెచ్చింది దేవుడి గదే. అట్టముక్కలకి రంగేసిన గది కాదది. రోజూ పూజ జరిగే గది, దీపం పొగకి నల్లబడ్డ గూడు, వాడి వాడి అరిగిన గంట. సత్యలక్ష్మి మొదటి రోజే షరతు పెట్టింది. కెమెరా, మనుషులు, వైర్లు అన్నీ గడప ఇవతలే ఉండాలి. నటి గడప ముందు కూర్చుని హారతి పడుతుంది, వెనకాల గదిలో దేవుళ్ళు కనిపిస్తారు. లోపలి బల్బులు ఇంటి కరెంటు మీదే వెలుగుతాయి. ఆ షరతును యూనిట్ వాళ్ళందరూ మన్నించేవాళ్ళు. మన్నించడం వాళ్ళకీ అవసరమే, అంత అసలైన గది కృష్ణానగర్ మొత్తం వెతికినా అద్దెకి దొరకదు.

నర్సింహ షేక్‌పేట మనిషి. పద్నాలుగేళ్ళుగా ఆ వీధుల స్తంభాలన్నీ అతనివే. వేసవిలో ఒకసారి ఫ్యూజు వెయ్యడానికి వచ్చి, హాల్లో పెద్ద పెద్ద లైట్లు చూసి తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా గిది? ఇంటి మీటర్ మీద షూటింగ్ లైట్లా? వేరే టెంపరరీ కనెక్షన్ తీసుకోవాలె. గంత లోడు పడితే పోలు కాడ వైరు కాలుతది."

"వాళ్ళు జనరేటర్ తెచ్చుకుంటారు బాబూ ఎక్కువగా" అంది సత్యలక్ష్మి.

"జనరేటరైతే చేంజోవర్ స్విచ్ పెట్టించున్రి. గదుంటే ఇంట్లకు లైను కరెంటన్న వస్తది, జనరేటర్ కరెంటన్న వస్తది. రెండు కలవయ్. లేకుంటే మీ జనరేటర్ కరెంటు వాపస్ పోలు మీదికొస్తది. మేం ఫ్యూజులు తీసి, కరెంటు లేదనుకొని మీద కూసుంటం. జర మా పాణాలు గూడ చూడున్రమ్మా."

అతను వెళ్ళాక పట్టాభిరామయ్య నవ్వాడు. "వాళ్ళకి ఏదో ఒకటి చెప్పందే తోచదు. ఇరవై రెండేళ్ళ నుంచీ లేనిది ఇప్పుడెందుకు?" అన్నాడు. సత్యలక్ష్మి ఊరుకుంది. ఆ ఊరుకోవడం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకి మొగుడి మీద కంటే తన మీద ఎక్కువ మండుతోంది.

మంగళవారం నాటి షూటింగు శ్రావణమాసం ఎపిసోడుకి. ఇంకా ఆషాఢమే నడుస్తుంటే గడప ముందు వరలక్ష్మీ వ్రతం చేయిస్తున్నారు. మెట్ల కింద ఉన్న మెయిన్ స్విచ్ బోర్డు కెమెరాకి కనిపిస్తోందని, దాని ముందు ప్లైవుడ్ గోడ ఒకటి నిలబెట్టి మేకులు కొట్టారు. గోడకి లక్ష్మీదేవి పటం తగిలించారు. పది గంటలకల్లా నర్సింహ చెప్పినంతా అయింది. లైట్ల లోడుకి స్తంభం దగ్గర ఇంటి వైరు టపటపమని కాలి తెగిపోయింది.

ఫోను చేసిన అరగంటలో నర్సింహ వచ్చాడు. "టిఫిన్ తిని ఎక్కు బాబూ" అంటే, "ఒక్కపొద్దున్న అమ్మా, అంజన్న దినం" అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి, నిచ్చెన వేసుకుని ఎక్కి, నడుముకి బెల్టు కట్టుకుని, వైరుకి టెస్టర్ పెట్టి చూశాడు. కరెంటు లేదు. అప్పుడు కిందికి కేకేశాడు.

"అమ్మా, లోపల మెయిన్ బంద్ చేసిన్రా?"

సత్యలక్ష్మి హాల్లోకి తిరిగి, "మెయిన్ ఆపారా?" అని అడిగింది. ప్రొడక్షన్ మేనేజర్ సాయిశ్రీనివాస్ తల ఎత్తకుండానే, "ఆపేశామమ్మా" అన్నాడు. మెయిన్ ఆపాలంటే లక్ష్మీదేవి గోడ పీకాలి, మళ్ళీ మేకులు కొట్టాలి, వెనకటి షాటుకి తేడా రాకుండా పటం అంగుళం అటూ ఇటూ కాకుండా తగిలించాలి. ఒంటిగంటకి నటి వెళ్ళిపోవాలి. వాళ్ళు దాన్ని ముట్టుకోలేదు. ఆ సంగతి సత్యలక్ష్మికి తెలీదు. తెలుసుకోవడానికి నాలుగడుగులు వెయ్యాలి, ఆమె వెయ్యలేదు. గుమ్మంలో నుంచే, "ఆపేశారు బాబూ!" అని కేకేసింది.

నర్సింహ కుడిచేతి గ్లౌజు తీశాడు. మందపాటి గ్లౌజుతో రాగి పోగులు మెలిపెట్టడం కుదరదు.

లోపల సాయిశ్రీనివాస్ ఇంకో పనిలో ఉన్నాడు. పెద్ద జనరేటర్ వ్యాను ఆ ఎత్తు ఎక్కలేక కింద రోడ్డు మీదే ఆగిపోయింది. చేత్తో లాక్కొచ్చే చిన్న జనరేటర్ ఒకటి కారు షెడ్డులో పెట్టించాడు. హాల్లో లైట్లకి అక్కడి నుంచి వైరు లాగొచ్చు. మరి దేవుడి గదిలో బల్బులో? గడప దాటి వైరు పోకూడదు కదా. అందుకు అతనే ఉపాయం చెప్పాడు.

"ఒక్క వైరు కూడా మీ గడప దాటదమ్మా. షెడ్డులో ప్లగ్గు పాయింటుకి ఇస్తాం, ఇల్లంతా వెలుగుతుంది. మీ మడికి ఏ లోటూ రాదు."

"అదీ బుద్ధి అంటే. చల్లగా ఉండు నాయనా" అంది సత్యలక్ష్మి.

ఆ దీవెన ఇచ్చిన రెండు నిమిషాలకి జనరేటర్ దడదడమంది. దేవుడి గదిలో బల్బులు వెలిగాయి. వీధిలో ఎవరో గావుకేక పెట్టారు. ఆమె పరుగెత్తి వెళ్ళేసరికి నర్సింహ నడుము బెల్టుకి వేలాడుతున్నాడు, చెయ్యి వైరుకి అంటుకుని ఉంది. "ఆపండి! అది ఆపండి!" అని గొంతు చీలేలా అరిచింది. జనరేటర్ ఆగింది. మనిషి బతికాడు. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మూడోది ఉంటుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

ఇంత జరిగితే, ఈ నాలుగు రోజుల్లో ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు తప్పంతా నర్సింహ మీద పడింది. గ్లౌజు లేకుండా వైరు పట్టుకున్నాడన్నారు. అది చాలదన్నట్టు, తాగి ఎక్కాడన్నారు. తప్పు అతనిదేనని ఇన్‌స్పెక్టర్ రాస్తే ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు, పద్నాలుగేళ్ళ పేరు మాత్రం మట్టిలో కలుస్తుంది.

పది గంటలకి సాయిశ్రీనివాస్ వచ్చాడు. వస్తూనే వరండాలో పడి ఉన్న వైరు చూసి గతుక్కుమన్నాడు.

"ఇదేంటి సార్ బయట పెట్టారు?"

"నేను పెట్టాను" అంది సత్యలక్ష్మి. "తాగాడని ఎవరయ్యా చెప్పింది?"

"నేనేం అనలేదమ్మా. వాసన వచ్చినట్టుంది అని ఎవరో అన్నారు..."

"ఎవరో ఏంటి, ఎవరు? ఆ రోజు మంగళవారం. ఒక్కపొద్దున్నానని నా చేత్తో ఇచ్చిన ఇడ్లీ ముట్టుకోలేదు. ఒక్కపొద్దు ఉన్న మనిషి నోట మందు వాసన పట్టిన ఆ ముక్కెవరిదో చూపించు నాకు."

"అమ్మా, మీరు ఆవేశపడుతున్నారు. కేసు ఎవరి మీదికి వస్తుంది? మీటరు ఎవరి పేరు మీద ఉంది? సార్ పేరు మీద. నేను సార్ కోసమే చెప్తున్నా. వాళ్ళకంటే డిపార్ట్‌మెంట్ ఉంది, యూనియన్ ఉంది. వాళ్ళే చూసుకుంటారు."

"విన్నావా?" అన్నాడు పట్టాభిరామయ్య. "నా పేరు మీద! ఈ వయసులో నన్ను స్టేషన్‌కి పంపుతావా?"

సత్యలక్ష్మికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, కోపంతోనే. "పంపకుండా ఉండాలనే ఉందండీ. నాలుగు రోజుల నుంచీ అదే వేడుకుంటున్నాను. తల్లీ, ఎవరికీ ఏమీ కాకుండా చూడమ్మా అని. ఎవరికీ అంటే ఎవరికండీ? అతనికి ఇప్పటికే అయిపోయింది. ఇక మిగిలింది మనమే. ఆ కోరిక కోరుతున్నానని నాకే తెలియలేదు, మీరు ఆ మూట వెనక ఇది దాచేదాకా."

"దేవుడి పేరు చెప్పి ఇల్లు ముంచుతావన్నమాట."

"మడి పేరు చెప్పి ముందే ముంచాను. వైరు గడప దాటకపోతే చాలనుకున్నాను. గోడల్లోంచి వచ్చిన కరెంటు ఏ మడి కట్టుకుని వచ్చిందండీ? అతని చెయ్యి కాలుతుంటే నా దేవుడి గదిలో బల్బు వెలిగింది."

సాయిశ్రీనివాస్ వంగి వైరు తియ్యబోయాడు. "ముట్టుకున్నావంటే వీధిలో నిలబడి అరుస్తాను" అంది ఆమె. అతను వెనక్కి తగ్గాడు. సీరియల్‌లో అత్తగార్ల అరుపులు రోజూ వినేవాడే గాని, ఇలాంటి గొంతు ఎప్పుడూ వినలేదు.

ఇన్‌స్పెక్టర్ పేరు వందన. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయి, చేతిలో అట్ట, పెన్ను. ఆమె కుర్చీలో కూర్చోకముందే సాయిశ్రీనివాస్ మొదలుపెట్టాడు.

"మేడమ్, మెయిన్ ఆఫ్‌లోనే ఉంది. జనరేటర్‌కి, ఇంటి వైరింగ్‌కి కనెక్షనే లేదు. అతను సేఫ్టీ పాటించలేదు, గ్లౌజులు తీసేశాడు. అదీగాక..."

"అబద్ధం" అంది సత్యలక్ష్మి.

వందన పెన్ను ఆపింది. సత్యలక్ష్మి వైరు ఆమె ముందు బల్ల మీద పెట్టింది.

"దీన్ని షెడ్డులో ప్లగ్గుకి పెట్టారు. మెయిన్ ఆపలేదు. ఆపేశారని స్తంభం మీదికి కేకేసి చెప్పింది నేను. చూడకుండా చెప్పాను. రాసుకోండి."

"ఆవిడకి ఒంట్లో బాగుండటం లేదు మేడమ్, నాలుగు రోజులుగా నిద్ర లేదు..." అన్నాడు పట్టాభిరామయ్య.

"నిద్ర లేదు, నిజమే. మతి పోలేదు. రండమ్మా, మెట్ల కింద చూపిస్తాను."

ప్లైవుడ్ గోడ ఎప్పుడో పీకేశారు. సున్నం రాలిన మేకుల కంతలు నాలుగూ అలాగే ఉన్నాయి. వందన టార్చి వేసి చూసింది, ఫోటోలు తీసుకుంది.

"మెయిన్ స్విచ్ ముందు అడ్డం ఏదీ ఉండొద్దమ్మా. ఆపద వస్తే ఇంట్ల ఎవరైనా సరే వెంటనే చెయ్యి పెట్టేటట్టు ఉండాలె. జనరేటర్‌కి చేంజోవర్ లేకుండా సాకెట్‌లోకి ఇవ్వడం అసలే తప్పు. ఇవన్నీ సరిచేసి, లైసెన్స్ ఉన్నోళ్ళతో టెస్ట్ చేయించి చూపించేదాకా ఈ ఇంటికి సప్లై రాదు. మీ హస్బెండ్‌కి నోటీస్ వస్తది, ప్రొడక్షన్ వాళ్ళకీ వస్తది."

"రానివ్వండి."

"అతను గ్లౌజు తీసిన సంగతి కూడా రాస్తున్నా."

సత్యలక్ష్మికి మళ్ళీ రక్తం పొంగింది. "అది ఎందుకమ్మా? నేను ఆపేశారని చెప్పబట్టే కదా తీశాడు!"

"అది కూడా రాస్తున్నా. నిజం రాసుకోమన్నది మీరే కదమ్మా. నిజమంటే మొత్తం." వందన గొంతు కటువుగా లేదు, మెత్తగానూ లేదు. రాసింది చదివి వినిపించింది. సత్యలక్ష్మి సంతకం పెట్టింది. పట్టాభిరామయ్య అప్పటికే లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

సాయంత్రం ఆమె ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళింది. నర్సింహ మందు మత్తులో పడుకుని ఉన్నాడు. బయట బెంచీ మీద అతని భార్య భూలక్ష్మి. కృష్ణానగర్‌లో డాన్సర్లకి బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది. వేళ్ళకి ఇంకా జరీ పొడి అంటుకుని ఉంది.

"నేను సత్యలక్ష్మిని. ఆ ఇంటి..."

"ఎరుకే. గిప్పుడొచ్చినవా?"

సత్యలక్ష్మి పొద్దుటి సంగతంతా చెప్పింది. వైరు దొరకడం, సంతకం పెట్టడం, తాను చూడకుండా కేకెయ్యడం, వైరు గడప దాటకూడదన్న మడి పట్టింపు, ఏదీ దాచలేదు. చెప్పినంతసేపూ భూలక్ష్మి గోడ వంకే చూసింది. అయిపోయాక తిరిగి చూసింది.

"నిజం చెప్పినవ్. మరి ఏం చెయ్యమంటవ్ నన్ను, దండం పెట్టాల్నా? ఆయన వేళ్ళొస్తయా?"

"రావు."

"నీ దేవునికి వైరు తగలొద్దు. నా మొగనికి తగిలితే ఏం గాదు."

సత్యలక్ష్మి బెంచీ కొసన కూర్చుంది.

"నాకు చెప్తే ఏం లాభం?" భూలక్ష్మి లేచి నిలబడింది. "నాకు మా ఆయన సంగతి తెల్వదా? నిన్న ఆయన దోస్తులు వచ్చిన్రు. మంచం పక్కన నిలబడి ఏమన్నరో తెల్సా? 'అన్నా, ఆ రోజు ఏమన్న తీసుకున్నవా?' అని అడిగిన్రు. పద్నాలుగేండ్లు ఒక్క నిచ్చెన పట్టుకొని తిరిగినోళ్ళు! కాగితం మీద నువ్వేం రాసిచ్చినవో వాళ్ళకెట్ల తెలుస్తది? సోమారం పొద్దుగాల తొమ్మిదింటికి అందరు కరెంటు సెక్షన్ ఆఫీసుల ఉంటరు. గాడికొచ్చి చెప్పు. వస్తవా?"

"వస్తాను."

"మీ సారు రానిస్తడా?"

"ఆయన్ని అడగను."

సోమవారం తొమ్మిదికి పదినిమిషాల ముందే ఇద్దరూ అక్కడ ఉన్నారు. ఇరవై మంది దాకా లైన్‌మన్లు, నిచ్చెనలు, వైరు చుట్టలు, టీ గ్లాసులు. ఆడవాళ్ళిద్దర్నీ చూసి మాటలు తగ్గాయి. సత్యలక్ష్మికి గుడిలో తప్ప నలుగురి ముందు గొంతెత్తిన అలవాటు లేదు. ఏ స్తోత్రమూ గుర్తు రాలేదు, గుర్తు తెచ్చుకోవాలనీ అనిపించలేదు.

"మంగళవారం ఫిల్మ్‌నగర్‌లో నర్సింహ ఎక్కింది మా ఇంటి వైరు కోసమే" అంది. "అతను తాగలేదు. ఒక్కపొద్దున్నాడు, పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఫ్యూజులు తీశాడు, టెస్టర్ పెట్టాడు, మెయిన్ ఆపారా అని అడిగాడు. ఆపేశారని నేను చెప్పాను. ఆపలేదు. నేను చూడలేదు. లోపల జనరేటర్ వేసి కరెంటు వెనక్కి వదిలారు. వదలమని దీవించింది కూడా నేనే."

వెనక వరసలో ఉన్న తిరుమలేశ్ అనే పెద్ద లైన్‌మన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"గిదంతా రాసిచ్చిన్రా అమ్మా?"

"ఇచ్చాను. మళ్ళీ ఇమ్మన్నా ఇస్తాను."

"మరి మాకు తాగిండని..." అంటూ ఒకడు మొదలుపెట్టి, భూలక్ష్మి మొహం చూసి మింగేశాడు.

"మింగకు" అంది భూలక్ష్మి. "నాలుగు దినాలు నమిలినవ్ కదా, బయటికి ఉమ్మేయ్."

అతను తల దించుకున్నాడు. అంతలో గేటు దగ్గర రెండు బైకులు ఆగాయి. నలుగురు ఆలస్యంగా లోపలికి వస్తూ, ఏందిరా ఏమైంది అని అడుగుతున్నారు. భూలక్ష్మి వాళ్ళ వైపు చెయ్యి చూపించింది.

"వీళ్ళు ఇనలే. మళ్ళ చెప్పు. గట్టిగ చెప్పు."

సత్యలక్ష్మి కొంగు నడుముకి దోపుకుంది. ఆ నలుగురూ దగ్గరికి వచ్చేదాకా ఆగి, మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది.